కింది వరస నుంచి చదివే మేడమ్

ఆమె చనిపోయిందని బళేపేటలో గాజులు కొంటూ విన్నాను. మా చెల్లెలి కూతురి పెళ్ళికి గాజులు కావాల్సి వచ్చి, ఆమె తమ్ముడి దుకాణమని తెలిసే ఆ సందులోకి వెళ్ళాను. ఆయన డజన్ల లెక్కన గాజులకు దారం కడుతున్నాడు. నేను ఫలానా అని చెప్పగానే చేతులాపి, "అక్క పోయి నెల దాటింది సార్. మీకు చెప్పల్లనుకున్యా, నంబరు దొరకలేదు" అన్నాడు. పోయిన రోజు పొద్దున కూడా నిలబడే కాఫీ తాగిందట. కూర్చోమని మరదలు రెండుసార్లు అన్నదట. బస్సుకు టైమవుతోందని చెప్పి గ్లాసు కింద పెట్టిందట. అప్పటికి ఆమె రిటైరై మూడేళ్ళు. ఏ బస్సని ఎవరూ అడగలేదు.

మేమంతా ఆమెను మేడమ్ అనేవాళ్ళం. ఇక్కడా అంతే అంటాను. తొంభైల మధ్యలో ఆమె మా తాలూకాకు విద్యాధికారిగా వచ్చింది. పట్నానికి దక్షిణపు అంచున ఉన్న తాలూకా అది. ఒక పక్క రాగి చేలు, ఇంకో పక్క జిగణి ఫ్యాక్టరీలు. నేను అసలు ప్రైమరీ టీచర్ని. లెక్కలు వస్తాయి, టైపు వచ్చు అని ఆఫీసుకు డిప్యుటేషన్ మీద తెచ్చుకున్నారు. పట్టికలు తయారుచేయడం నా పని. ఎడమ పక్కన బడుల పేర్లు, పైన జిల్లావాళ్ళు ఇచ్చిన లక్ష్యాలు. ఎంతమంది చేరాలి, ఎంతమంది రోజూ రావాలి, మూడో తరగతిలో ఎంతమంది చదవగలగాలి, ఏడులో ఎంతమంది పాసవ్వాలి. నెలనెలా హెడ్మాస్టర్లు అంకెలు పంపేవాళ్ళు. నేను కూడి, శాతాలు తీసి, గీతలు కొట్టి పెట్టేవాణ్ణి. ఆ అంకెలు ప్రతి నెలా కొంచెం కొంచెం పెరిగేవి. ఎందుకు పెరుగుతున్నాయని నేనెప్పుడూ ఆలోచించలేదు. పెరగడమే వాటి పని అనుకున్నాను.

మేడమ్ వచ్చిన మొదటి రోజే ఆఫీసులో అందరికీ ఒక ఇబ్బంది మొదలైంది. ఆమె కూర్చోదు. కుర్చీకి కొత్త టవలు వేసి పెట్టారు, దాని మీద బ్యాగు పెట్టింది. ఫైళ్ళు నడుస్తూ చదివేది, కిటికీ దగ్గర మొదలుపెట్టి బీరువా దగ్గర తిరిగేది. అధికారి నిలబడి ఉంటే గుమాస్తాలు ఎలా కూర్చుంటారు? వారం రోజులు అందరం లేచి నిలబడి నడుములు నొప్పి తెచ్చుకున్నాం. చివరికి ఆమే విసుక్కుని, "మీరు కూర్చోండప్పా, నాకు కాళ్ళల్ల చీమలుండాయి" అని చెప్పింది. టిఫిన్ డబ్బాలో చిత్రాన్నం తెచ్చుకుని బస్టాపులో నిలబడి తినేది. జీపు ఉండేది కానీ అది వచ్చేలోపు బస్సు వస్తే బస్సెక్కేది. చెప్పులు మడమ దగ్గర అరిగి ఏటవాలుగా ఉండేవి.

నా పట్టికను ఆమె కింది వరస నుంచి చదివేది. అందరూ పైనుంచి, బాగా ఉన్న బడుల దగ్గర మొదలుపెడతారు. ఎందుకలా అని ఒకసారి అడిగాను. "పైనుంచి మొదలుపెడితే కిందికొచ్చేసరికి భోజనం టైమవుతాదప్పా" అంది.

ఆమె పెట్టిన మొదటి నెలవారీ సమీక్ష నాకు బాగా గుర్తుంది. హెడ్మాస్టర్లు వరసగా లేచి కన్నడంలో అంకెలు చదువుతున్నారు. ఒకాయన, మూడో తరగతిలో నూటికి తొంభై మంది చదవగలరని చెప్పి కూర్చోబోయాడు. ఆయన తరగతిలో ఉన్నది ముప్పై మందేనని నా పట్టికలో ఉంది. మేడమ్ ఆయన కుర్చీ వెనక్కి వచ్చి నిలబడి, మిగిలిన ముగ్గురూ ఎవరని మెల్లగా అడిగింది. ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆయనకు తెలియదు. పక్కాయనకూ తెలియదు. ఆ రోజు హాల్లో ఒక్కరు కూడా ఒక్క పిల్ల పేరు చెప్పలేకపోయారు. ఆమె ఎవరినీ తిట్టలేదు. వచ్చే నెల శాతాలు వద్దని, చదవలేని పిల్లల పేర్లు తెమ్మని చెప్పింది. వచ్చే నెల కొందరు నిజంగానే పేర్లు తెచ్చారు. ఎక్కువమంది, తమ బడిలో ఇప్పుడు అలాంటి పిల్లలే లేరని తెచ్చారు.

ఆ కాగితాలు చూశాక ఆమెకు స్థిమితం పోయింది. నన్ను వెంటబెట్టుకుని బడుల మీద పడింది. ఏ బడికి వెళ్తున్నామో ముందు చెప్పేది కాదు. బస్సు దిగి ఎంత జోరుగా నడిచేదంటే, నేను ఆమె కన్నా పదిహేనేళ్ళు చిన్నవాణ్ణి, ఆయాసపడేవాణ్ణి. "బేగ రా అప్పా, గంట కొట్టేస్తారు" అనేది వెనక్కి తిరక్కుండానే.

జిగణి ఫ్యాక్టరీల వెనక ఒక చిన్న బడి ఉండేది. అనంతపురం పక్కనుంచి పనికి వచ్చినవాళ్ళ పిల్లలే అందులో ఎక్కువ. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మూడో తరగతిలో మారెక్క అని ఒక పిల్లను టీచరు ముందుకు తోసింది, బాగా చదువుతుందని. మారెక్క పుస్తకం విప్పి ఏనుగు పాఠం చదివింది. వేలు అక్షరాల కింద జరుగుతోంది, గొంతు తడుముకోకుండా సాగుతోంది. మేడమ్ వంగి, ఆ పిల్ల ఊపిరి తీసుకునే సందులో రెండు పేజీలు తిప్పేసింది. పిల్ల ఆగలేదు. పేజీలో వాన కురుస్తోంది, పిల్ల నోట్లో ఇంకా ఏనుగే నడుస్తోంది.

టీచరు తల దించుకుంది. మేడమ్ మారెక్క పక్కన మోకాళ్ళ మీద వంగి, తెలుగులో, "ఏం పాపా, ఈ పేజీలో ఏనుగు యాడుండాది?" అని అడిగింది.

పిల్ల పేజీ వంక చూసింది. బడిలో తెలుగు వినడం కొత్త కాబోలు, ధైర్యం వచ్చి, "నడుమ ఆపితే మళ్ళా మొదట్నుంచి చెప్పల్ల మిస్" అంది.

మేడమ్ తన చిన్న నోటుబుక్కులో ఆ పేరు రాసుకుంది. తిరుగు బస్సులో కిటికీ కడ్డీ పట్టుకుని నిలబడే ఉంది, సీట్లు ఖాళీగా ఉన్నా. ఆరు వారాల పాటు మేము అన్ని బడులూ తిరిగాం. సగానికి పైగా పిల్లలు మారెక్కలాగే ఉన్నారు. కొందరికి ఏనుగు కూడా రాదు.

జిల్లా సమీక్ష దగ్గరపడింది. ఆ ఏడు అన్ని తాలూకాల అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తారని, లక్ష్యానికి దగ్గరగా వచ్చినవాళ్ళకు మెప్పు ఉంటుందని చెప్పుకున్నారు. మేడమ్ తన నోటుబుక్కు నాకిచ్చి, ఉన్నదున్నట్టు పట్టిక చేయమంది. చేశాను. మా సూపరింటెండెంటు దాన్ని చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. మా నాన్న జబ్బు పడినప్పుడు ఆస్పత్రిలో మంచం ఇప్పించినవాడు. తలుపు దగ్గరగా వేసి చెప్పాడు. ఈ కాగితం వెళ్తే మన తాలూకా జిల్లాలో ఆఖరిది అవుతుంది, ఇన్నేళ్ళు మనం పంపినవన్నీ అబద్ధాలని తేలుతుంది, మేడమ్ ఎలాగూ బదిలీపై పోతుంది, నువ్విక్కడ ఉండాలి కదా. నా డిప్యుటేషన్ రద్దయితే నేను వెళ్ళాల్సిన బడి తమిళనాడు సరిహద్దులో ఉంది. రెండు బస్సులు మారి, ఆ పైన నడవాలి. నా భార్యకు ఏడో నెల.

ఆ సాయంత్రం కూర్చుని, హెడ్మాస్టర్లు పంపిన పాత అంకెలే మళ్ళీ టైపు చేశాను. చేస్తున్నంతసేపూ చేతులు మామూలుగానే ఉన్నాయి. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

మర్నాడు పొద్దున జీపు స్టార్టయ్యాక కాగితం ఇచ్చాను. ఎప్పుడూ ప్రతి అంకె మీదా వేలు పెట్టి చూసే మనిషి. ఆ రోజు ఆలస్యమైంది. ఆలస్యం చేసింది నేనే. బానెట్ మీద పెట్టి, చూడకుండా సంతకం చేసి, అక్కడికి చేరగానే ఒక ప్రతి జిల్లా అధికారికి ఇచ్చేయమని చెప్పింది.

సమీక్షలో మా తాలూకా వంతు వచ్చింది. ఆమె లేచి అలవాటు ప్రకారం కింది వరస మీద వేలు పెట్టింది. అది జిగణి బడి. నోరు తెరిచి, ఆగిపోయింది. నేను వెనక బెంచీలో ఉన్నాను. నా వైపు చూస్తుందేమోనని తల దించుకున్నాను, చూడలేదు. కాగితం పక్కన పెట్టి, బ్యాగులోంచి నోటుబుక్కు తీసి, తాను చూసిన అంకెలు చదవడం మొదలుపెట్టింది. జిల్లా అధికారి ఆపాడు. తన దగ్గరున్న ప్రతిలో వేరే ఉందని, ఏది నిజమని అడిగాడు. నోటుబుక్కులోదే నిజమంది. మరి ఈ కాగితం మీద సంతకం ఎవరిదన్నాడు. నేను అప్పుడు లేచి నిలబడి ఉండాల్సింది.

"సంతకం నాది. చూడకుండా చేసినాను. తప్పు నాదే" అని కన్నడంలో చెప్పింది. టైపు చేసిందెవరో చెప్పలేదు.

బయటికి వచ్చాక జీపు ఎక్కకుండా గేటు దాకా నడిచింది. నేను వెనకే వెళ్ళాను. అక్కడ ఆగి, "ఎందుకు మార్చినారు?" అని అడిగింది. వచ్చిన దగ్గర్నుంచీ నన్ను నువ్వు అని పిలిచిన మనిషి. తమ్ముడితో మాట్లాడినట్టు మాట్లాడిన మనిషి. ఆ తర్వాత ఇంకెప్పుడూ నన్ను నువ్వు అనలేదు.

ఉన్న విషయం చెప్పాను. కొంచెంసేపు రోడ్డు వైపు చూసి, "మీ ఇంటామె బాగుండాదా?" అంది. బాగుందన్నాను. "చూసుకోండి" అని చెప్పి, వస్తున్న బస్సెక్కి వెళ్ళిపోయింది.

తప్పుడు నివేదిక ఇచ్చినందుకు ఆమెకు మెమో వచ్చింది. రెండు నెలల్లో పట్నంలోని పాఠ్యపుస్తకాల గోడౌనుకు బదిలీ అయింది. పిల్లలు కనబడని ఉద్యోగం. నేను నా కుర్చీలోనే ఉన్నాను. కూతురు పుట్టింది. పట్టికలు చేస్తూనే ఉన్నాను.

నాలుగేళ్ళ తర్వాత మా అమ్మాయిని బడిలో చేర్చిన వారం, ఇంక ఉండలేక ఆమెను చూడటానికి గోడౌనుకు వెళ్ళాను. పుస్తకాల కట్టల మధ్య నడుస్తూ లెక్క చూసుకుంటోంది. జుట్టు తెల్లబడింది. దారంతా మాటలు కూర్చుకుని వచ్చాను. మొదటి వాక్యం సగంలోనే ఆపేసింది.

"అది సరేగానీ, ఆ మారెక్క ఇప్పుడు ఏ క్లాసులో ఉండాది?"

నాకు తెలియదు. తెలియదని చెప్పలేక, ఆ బడి ఇప్పుడు చాలా బాగుందని, పోయిన నెల పట్టికలో చదివేవాళ్ళు నూటికి నూరు శాతం ఉన్నారని చెప్పాను.

"నూరా?" అని, నా మొహం వంక చూసి, కొక్కేనికి ఉన్న బ్యాగు తీసుకుంది. సెలవు చీటీ ఎవరి చేతిలోనో పెట్టింది. గంటన్నరలో జిగణిలో ఉన్నాం.

టీచరు మారలేదు. మేడమ్‌ను చూసి భయపడింది, తర్వాత నిజం చెప్పింది. మారెక్క రావడం మానేసి రెండేళ్ళయింది. ఆమె ఒక్కతే కాదు. చదవడం రాని పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మానేశారు. పై తరగతిలో ఏమీ అర్థం కాక కొందరు, తమ్ముళ్ళను ఎత్తుకోవడానికి కొందరు. మిగిలినవాళ్ళంతా చదువుతారు. అందుకని నూరు.

మేడమ్ వరండా మెట్టు మీద కూర్చుంది. ఆమె కూర్చోగా నేను చూసింది ఆ ఒక్కసారే. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నేను నిలబడి ఉన్నాను.

మారెక్క వాళ్ళు ఉండిన గదుల వరసకు వెళ్ళాం. పక్క గదామె, వాళ్ళు సర్జాపుర వైపు పెద్ద బిల్డింగు పనికి పోయారని చెప్పింది. అంతకు మించి ఆమెకు తెలియదు. ఆ ఆదివారం, ఆ పైన రెండు ఆదివారాలు మేమిద్దరం సర్జాపుర రోడ్డు పొడవునా తిరిగాం. అప్పుడప్పుడే అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. ప్రతి గేటు దగ్గరా అదే ప్రశ్న, అదే దుమ్ము. నేను వద్దనలేను, ఆమె చాలనదు. మూడో ఆదివారం, ఇటుకల గుట్ట పక్కన, చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని, పన్నెండేళ్ళ పిల్ల కనబడింది. పొడుగైంది, అంతే. మేడమ్‌ను గుర్తుపట్టింది. "ఏనుగు మిస్" అని నవ్వింది.

వాళ్ళ నాన్న కాదనలేదు. చిన్నోణ్ణి ఎవరు చూస్తారన్నాడు. చిన్నోడు కూడా బడికే వస్తాడని మేడమ్ చెప్పింది. సోమవారం దగ్గరలో ఉన్న బడికి తీసుకెళ్ళాం. మేము జిగణి బడి నుంచి తెచ్చిన సర్టిఫికెట్‌ను అక్కడి హెడ్మాస్టరు చూశాడు. మూడో తరగతిలో చదవడం వచ్చిందని అందులో ఉంది, నాలుగు పాసైందని ఉంది. అయితే వయసును బట్టి ఆరులో వేసుకుంటానని అన్నాడు. ఆ పిల్లకు అక్షరాలు రావు, మూడు నుంచి మొదలుపెట్టమని మేడమ్ బతిమాలింది. రికార్డులో వచ్చని ఉంటే నేను రాదని ఎలా రాసుకుంటానని ఆయన అన్నాడు. ఆయన మాటా సబబే. మారెక్క తమ్ముణ్ణి ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంటూ మా ముగ్గురి మొహాలూ చూస్తోంది. ఆరో తరగతి బెంచీలో ఆ పిల్ల ఎన్నాళ్ళు కూర్చుంటుందో మాకు తెలుసు.

మేడమ్ నా వైపు తిరగలేదు, నన్నేమీ అడగలేదు. నేనే కాగితం అడిగి తీసుకున్నాను. ఆ ఏడు మా తాలూకా నుంచి వెళ్ళిన మూడో తరగతి అంకెలు తప్పని, విద్యాధికారి స్వయంగా పరీక్షించినప్పుడు ఈ బాలికకు చదవడం రాలేదని, ఆ పట్టికను మార్చి టైపు చేసింది నేనేనని, కన్నడంలో రాసి, నా పేరు, హోదా వేసి సంతకం పెట్టాను. చదివిన హెడ్మాస్టరు కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని, ఇది ఫైల్లో ఉంటుంది సార్ అన్నాడు. ఉండనివ్వండన్నాను. మారెక్కను మూడో తరగతిలో రాసుకున్నాడు.

ఆ కాగితం ఎలా కదిలిందో నాకు తెలియదు. మూడు నెలలకు నాకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు పోయింది, డిప్యుటేషన్ రద్దయింది. నాలుగేళ్ళ కింద భయపడిన ఆ సరిహద్దు బడికే వెళ్ళాను. రెండు బస్సులు, ఆ పైన నడక. వారంలో అలవాటైంది. దేనికి భయపడ్డానో తలుచుకుంటే సిగ్గేసేది.

మేడమ్ శనివారాలు సర్జాపుర వెళ్ళి వచ్చేది. మారెక్క ఏడాదిలో మూడో తరగతి పుస్తకం సగం దాటిందని ఒకసారి ఫోనులో చెప్పింది. మాట ఆనందంగానే ఉంది, కానీ అవతల బస్సు హారన్లు వినబడుతున్నాయి. మరుసటి వానాకాలానికి ఆ బిల్డింగు పూర్తయింది. ఒక శనివారం ఆమె వెళ్ళేసరికి షెడ్లు పీకేసి ఉన్నాయి. హోసూరు వైపు పోయుంటారని వాచ్‌మన్ అన్నాడు. మా బడి ఆ దారిలోనే.

అప్పటినుంచి ప్రతి జూన్‌లో, బడులు తెరిచిన రెండో వారం, మా ఊరి ఎస్.టి.డి. బూత్‌కు ఆమె ఫోను వచ్చేది. తర్వాత నేను సెల్‌ఫోను కొన్నాక దానికి వచ్చేది. క్షేమం అడిగేది కాదు. "కొత్తగా చేరినోళ్ళలో మారెక్క ఉండాదేమో చూసినారా?" అనేది. చూశాను, లేదు మేడమ్ అనేవాణ్ణి. "సరే" అని పెట్టేసేది. ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో ఇదే జరిగింది. నేను హెడ్మాస్టర్నయ్యాను, ఆమె రిటైరైంది. మారెక్క వయసు ఇద్దరికీ తెలుసు. ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

ఈ ఏడు జూన్‌లో చేసినప్పుడు ఆమె గొంతు పలుచగా ఉంది. లేదన్న మాట నేను అనకముందే తనే అంది:

"ఇరవై దాటింటాది కదండీ ఆ పిల్లకు."

"దాటింటాయి మేడమ్."

"ఇంక బడికేం వస్తాది." అవతల చెప్పుల చప్పుడు వినబడింది. నడుస్తోందనుకుంటాను. "బేగనే పెండ్లి చేసింటారు. పిల్లోళ్ళుండింటారు. రిజిస్టర్లో తల్లి పేరు గడి ఉంటాది కదా, అది చూడండి."

చూస్తానన్నాను. ఆ మధ్యాహ్నం అడ్మిషన్ రిజిస్టరు తీసి, తల్లి పేర్ల గడిలో వేలు పెట్టి, ఒక్కొక్క పేరే చదవడం మొదలుపెట్టాను.